వెనక షాకబ్జర్లు రెండూ మార్చిన సంగతి

విడీ ఘర్కుల్, షోలాపూర్.

సిరిసిల్ల పెద్దమ్మకు ప్రతీక్ నమస్కరించి తెలియజేయునది: అమ్మ తుంటి ఆపరేషన్ గాయం మానింది. మిమ్మల్ని చూడటానికి రావాలన్న ఆమె కోరికకు ఇంట్లో ఆమోదం లభించింది.

జాప్యానికి కారణం మన పాత కారు. కుదుపులు ఆపే వెనక షాకబ్జర్లు అరిగిపోయి ప్రతి గుంతా అమ్మ తుంటికే తగిలేది. రెండూ ఒకేసారి మార్చాలని మెకానిక్ మంగేశ్ సూచించగా, నలభై ఏళ్లు మగ్గం నేసిన నాన్న అభ్యంతరం తెలిపారు. “తెగిన పోగునే అతుకుతం గని, పడుగంత కోస్తమా బిడ్డా?” అన్నారు. తత్ఫలితంగా ఎడమది ఒక్కటే మారింది. హోట్గి రోడ్డు మీద కారు ఒక పక్కకు ఊగుతుంటే అమ్మ సీటు పట్టుకొని కళ్లు మూసుకుంది. “నన్నేడికీ తీస్కపోకుండ్రి. బండిని ఇంటికి తిప్పుండ్రి,” అంది.

మరునాడు నాన్న స్వయంగా మంగేశ్ దగ్గరికి వెళ్లి, “రెండోది గూడ ఎయ్యి. నాకు మగ్గమే ఎర్క,” అన్నారు. మా ఇంటి రికార్డుల్లో ఇటువంటి ఒప్పుకోలు ఇంతకుముందు నమోదు కాలేదు.

నిన్న కుంభారి దాకా పరీక్షా ప్రయాణం జరిగింది. తిరుగుదారిలో అమ్మ నిద్రపోయింది. ఇల్లు చేరాక కూడా నాన్న కారు తలుపు తీయనివ్వలేదు. ఆమె లేచేదాకా గంటసేపు పక్కనే కూర్చున్నారు.

శుక్రవారం బయలుదేరుతున్నాము. అమ్మ తుంటికి నులక మంచం పనికిరాదు, ఎత్తైనది ఒకటి చూసి ఉంచగలరు. మీ దగ్గు తగ్గిందా? అందరికీ మా నమస్కారాలు. మీరు వాకిట్లో నిలబడి మోకాళ్ల నొప్పి తెచ్చుకోవద్దట. లోపలిదాకా తానే నడిచి వస్తానని అమ్మ రాయమంది.