ముళ్ళమామ సినిమాలో చివరి పావుగంట

ఫిబ్రవరి 16, ఆదివారం

అక్కకి,

ఎప్పుడూ నీ వెనకే తిరిగిన తమ్ముడు, నీ తోక, నమస్కారాలు. ఇక్కడ నేను, నీ మరదలు, నీ మేనకోడలు బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు పట్టీ ఏదో కొన్నారన్నావు. అది కాలికి వేసుకుంటున్నావో, బీరువాలో భద్రంగా దాచావో. కొత్తది ఏది కొన్నా అది పాతబడేదాకా దాచి అప్పుడు వాడటం నీకు అలవాటే కదా.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, ఫోనుకేం రోగం అంటావు. ఫోనుకేం రోగం లేదు. అందులో నాన్న పేరెత్తితే చాలు, మీ కుక్కరు కూత పెడుతుంది. పొద్దున చేసినా కూస్తుంది, సాయంత్రం చేసినా కూస్తుంది. ఇద్దరికి అంత వంటేమిటో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఉత్తరానికైతే ఆ కుక్కరు అడ్డురాదు. అవును, ఇది నాన్న గురించే. ఆయన సంగతి ఉత్తరాల్లో రాయకూడదని నువ్వు పెట్టిన నియమం ఇవాళ ఒక్కసారికి తప్పుతున్నాను. ఇష్టం లేకపోతే ఇక్కడే మడిచి పెట్టెయ్, ఏమీ అనుకోను. చదివితే మాత్రం చివరిదాకా చదువు.

ముళ్ళమామ బొమ్మల సినిమా గుర్తుందా? ఉండకపోవడమేమిటి, దాన్ని నాకు ఎన్నిసార్లు వేసి చూపించి ఉంటావో. వీధి చివరి క్యాసెట్ల షాపువాడు దుకాణం ఎత్తేస్తూ మిగిలిన సరుకు అమ్ముకుంటుంటే నాన్న తెచ్చాడు. రెండో భాగమే దొరికింది. మొదటి భాగం మనింట్లో ఎప్పుడూ లేదు. నువ్వు దాన్ని నీ స్నేహితురాలి ఇంట్లో చూశావు. కథ చెప్పమని నీ ప్రాణం తీస్తే, అందులో ముళ్ళమామ చెడ్డవాడు, అంతే, అని ఒక్క ముక్కలో తేల్చేశావు.

నాకు తెలిసిన ముళ్ళపంది వేరు. బెలూన్లకి వేలాడే ఒక ఊరిని ఒకప్పుడు వాడే బెలూన్లు పొడిచి కింద పడేశాడని సినిమాలో ఎవరెవరో అనుకుంటారు గాని, నేను చూశానా పెట్టానా. నేను చూసేసరికి వాడు జైలు నుంచి వచ్చేశాడు. ఉడుత అక్కాతమ్ముళ్ళు తప్పిపోయిన అమ్మని వెతకడానికి బయల్దేరారు. దారి తెలిసింది వాడొక్కడికే. మళ్ళీ బెలూన్ పొడవకుండా వాడి ఒంటిమీద ఒక్కో ముల్లుకి ఒక్కో బిరడా గుచ్చి, తమ బెలూన్ బుట్టలో ఎక్కించుకున్నారు. వాడు తుమ్మినప్పుడల్లా బిరడాలు ఎగిరిపోయేవి, బుల్లి ఉడుత వాటిని ఏరి మళ్ళీ గుచ్చేవాడు. అక్కడ నేను నేల మీద పడి దొర్లి నవ్వేవాణ్ణి.

ఉడుత అక్క మాత్రం వాడితో ఒక్క మాటా మాట్లాడదు. తాడు లాగమనాలన్నా తమ్ముడితో చెప్పిస్తుంది. మనింట్లో నువ్వూ అంతే కదా. మీ నాన్నకి చెప్పు, కంచం పెట్టానని. మీ నాన్నకి చెప్పు, తలుపు గడియ వేసుకోమని. నేను మీ ఇద్దరి మధ్య పోస్టుమాన్‌ని. అక్కా, ఒక మాట చెబితే నవ్వకు. నువ్వు ఆ ఉడుత అక్క ఆట ఆడుతున్నావనుకునేవాణ్ణి. మీ నాన్న అని ఎంత సీరియస్‌గా అంటుందో, ఎంత బాగా చేస్తుందో మా అక్క అని స్నేహితుల దగ్గర గొప్పలు కూడా పోయాను.

మనం సినిమా చూస్తుంటే నాన్న గడప అవతల కూర్చుని ఎవరి సోఫానో, కుర్చీనో బాగుచేస్తుండేవాడు. పెదాల మధ్య చిన్న మేకులు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొడుతూ, మధ్యమధ్యలో తలెత్తి తెర వైపు చూసేవాడు. లోపలికి రమ్మంటే మేకులున్నాయని నోరు చూపించేవాడు.

బెలూన్ కొండలు దాటగానే సముద్రం కనిపించేది. ముళ్ళమామ బుల్లి ఉడుతని భుజానికెత్తుకుని అదిగో ఒడ్డు అని నవ్వేవాడు. అక్కడ నువ్వు లేచి మీట నొక్కేసేదానివి. అయిపోయింది, అన్నానికి లే అనేదానివి. మిగతా సినిమాలకి చివర్లో పేర్లు వస్తాయి కదా, దీనికేవీ అని ఒకసారి అడిగాను. పేర్లు వేసేవాడు సెలవు పెట్టాడు అన్నావు. నేను నమ్మాను. నువ్వేం చెప్పినా నమ్మేవాణ్ణి.

పోయిన నెల పాపకి బడి సెలవులు. ఇప్పుడు క్యాసెట్లూ లేవు, షాపులూ లేవు, టీవీలో అడిగితే వచ్చేస్తోంది. నేను చిన్నప్పుడు చూసిన బొమ్మల సినిమా చూస్తానని పేచీ పెట్టింది. నాన్న ఎప్పటిలాగే హాల్లో తన మంచం మీద ఉన్నాడు. ఆయన ఊపిరితిత్తుల సంగతి నీకు తెలియదు, తెలియనివ్వలేదు కదా నీ కుక్కరు. ఇన్నేళ్ళ దుమ్ము, సోఫాల్లో పాత దూది, అంతా లోపలే చేరిందన్నాడు డాక్టరు. ముక్కుకి గొట్టం పెట్టారు. మంచం టీవీ వైపు తిప్పమన్నాడు నాన్న. జీవితంలో మొదటిసారి ఆ సినిమా గడప ఇవతల ఉండి చూశాడు.

ఒడ్డు కనిపించింది. ముళ్ళమామ నవ్వాడు. నేను అలవాటు కొద్దీ లేచి, అయిపోయింది, అన్నానికి లేవండి అన్నాను. పాప నావైపు వింతగా చూసి, ఇంకా పావుగంట ఉంది నాన్నా అంది. ఈ సినిమా నేను చూసినన్నిసార్లు తీసినవాడు కూడా చూసి ఉండడు, అయిపోయిందంటే అయిపోయింది అన్నాను. పాప వేలు పెట్టి తెర కింద గీత చూపించింది. నిజమే, ఇంకా మిగిలి ఉంది. చేసేదేముంది, కూర్చున్నాను.

ఒడ్డుకి ముందు ఇంకో కొండ ఉందక్కా. నాకు తెలియదు. గాలివాన మొదలైంది, బెలూన్ కిందికి దిగిపోతోంది. మూటలు పారేశారు, పొయ్యి పారేశారు, నీళ్ళ పీపా పారేశారు. అయినా లేవలేదు. ముళ్ళమామ బుల్లి ఉడుతతో ఆ మూల తాడు లాగు, గట్టిగా లాగు అన్నాడు. వాడు అటు తిరగ్గానే బుట్ట అంచు మీంచి కాలు బయటపెట్టి దిగిపోయాడు. మెట్లు దిగినట్టే దిగాడు. గాలికి బిరడాలన్నీ ఒక్కొక్కటే ఊడిపోయాయి. అప్పుడు ఉడుత అక్క పరిగెత్తి వచ్చి, సినిమా మొత్తం మీద మొదటిసారి, మామా అని పిలిచింది. తర్వాత ఊళ్ళో వాడికి విగ్రహం పెట్టారు. జైల్లో పెట్టినవాళ్ళే పూలు తెచ్చారు. పేర్లు కూడా వచ్చాయి, బోలెడు పేర్లు.

నేను ఏడ్చాను. గడ్డం నెరుస్తోంది, బొమ్మల సినిమా చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. పాప నా వీపు నిమిరి, ఉత్త బొమ్మే నాన్నా అంది. చిన్నప్పుడు నేను ఇలా ఏడుస్తాననే నువ్వు ఆపేసేదానివా? లేక వాణ్ణి అందరూ అలా క్షమించేస్తుంటే చూడలేకపోయావా? ఏదైనా తప్పు లేదు. ఊరికే అడుగుతున్నాను.

నాన్న ఏడవలేదు. చాలాసేపు దగ్గి, ఇదేం సినిమారా, వీడు తప్పించుకున్నాడు అన్నాడు. అదేంటి, ప్రాణమే ఇచ్చేశాడు కదా అన్నాను. ప్రాణమివ్వడం ఎంతసేపురా, ఒక్క క్షణం, ఆ పిల్ల మొహం చూస్తూ రోజూ అన్నం తినడం కష్టం గాని, అన్నాడు. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది పాపం, పడిపోతున్నవాణ్ణి పట్టుకుని నువ్వు చేసింది నేను మర్చిపోలేదు అంటుందా, మామా అనక ఛస్తుందా, అది క్షమించడం కాదురా, మొహమాటం, అన్నాడు.

పాపని నీ మరదలు స్నానానికి తీసుకెళ్ళాక నన్ను మంచం మీద కూర్చోమన్నాడు. మీ అక్క ఎడమ చెయ్యి గమనించావా అని అడిగాడు. గమనించకేం, జడ వేసుకునేటప్పుడు అది సగంలో ఆగిపోయేది, చిన్నప్పుడు మెట్ల మీంచి పడింది కదా అన్నాను. నువ్వు నాకు చెప్పింది అదే. అమ్మ కూడా అదే చెప్పింది.

మెట్లూ లేవు, ఏమీ లేవు అన్నాడు. ఆ సాయంత్రం ఆయన తాగి వస్తే అమ్మ తలుపు వేసేసిందట. ఆయన బయటినుంచి తోశాడట. నేను పాకుతూ సరిగ్గా తలుపు దగ్గరికే వచ్చానట. నువ్వు నన్ను లాగడానికి చెయ్యి పెట్టావట. నన్ను ఇవతలికి లాగేశావు, నీ చెయ్యి మాత్రం సందులో ఉండిపోయింది. తాగి ఉన్నానని సాకు చెప్పను, తలుపు వెనక పిల్లలున్నారని తెలిసే తోశాను అన్నాడు నాన్న. మర్నాడు అమ్మ ఆయన్ని ఇంట్లోంచి పంపేసింది. అయిదేళ్ళకో ఆరేళ్ళకో తాగుడు మానేసి ఆయన తిరిగి వచ్చినప్పుడు అమ్మ రానిచ్చింది, నువ్వు నీ దగ్గరికి రానివ్వలేదు. ఇది నాకు తెలియని మొదటి భాగం.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఆయనతో మాట్లాడలేకపోయాను. మందులిచ్చాను, ఒళ్ళు తుడిచాను, పక్క మార్చాను. ఆయన కూడా పాపని పిలిచి, మీ నాన్నకి చెప్పమ్మా, ఇంకో దుప్పటి కావాలని, అన్నాడు.

అక్కా, నన్ను సైకిలు మీద బడికి దింపింది ఆయన. పరీక్ష తప్పితే ఐస్‌క్రీమ్ కొనిపెట్టి అమ్మకి చెప్పకని బతిమాలింది ఆయన. జ్వరమొస్తే తెల్లవార్లూ తడిగుడ్డ మార్చింది ఆయన. నీ చెయ్యి విరగ్గొట్టిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నువ్వు చూడనివ్వలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే నేనూ నీ పక్షానికి వచ్చేసేవాణ్ణి. నీకు తోడుండేది, ఆ ఇంట్లో ఒక్కదానివే అంత కోపం మోసుకు తిరగాల్సిన పని ఉండేది కాదు. చెప్పలేదు. ఉద్యోగం రాగానే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయావు. మా అక్క గుండె బండరాయి అని నీ మరదలితో ఎన్నిసార్లు అన్నానో. నాకో నాన్న ఉండాలని నువ్వు నోరు కట్టేసుకున్నావని ఇన్నాళ్ళకి తెలిసింది.

ఆయన మంచివాడయ్యాడు, నిజమే. నేను చూశాను, సాక్ష్యం చెబుతాను. కానీ ఆయన మంచితనం నా వాటాకి వచ్చింది, ముందుది నీ వాటాకి వచ్చింది. నా వాటా చూపించి నీ బాకీ తీరిపోయిందనడం నాకు చేతకాదు. ఇకమీదట క్షమించమని నేను అడగను. ఎవరైనా అడిగితే వాళ్ళ నోరు నేనే మూయిస్తాను. ఈ ఉత్తరం రాసింది ఆయన తరఫున కాదు, నీ తమ్ముడిగా. నీ చెయ్యి ఎందుకలా ఉందో నాకు తెలుసు అని చెప్పడానికి.

ఎండాకాలంలో పాపని తీసుకుని మేమే వస్తాం. తనకి జడ వెయ్యడం నీ మరదలికి రావడం లేదు, అత్త వేస్తే కదలకుండా కూర్చుంటానంటోంది. బావగారికి నమస్కారాలు. మోకాలికి పట్టీ వేసుకో.

ఉంటాను మరి,

నువ్వు ఇవతలికి లాగిన
నీ తోక

తా.క.: ఇన్ని పేజీలు రాసినా ఈ ఒక్క ముక్క రాయడానికి చెయ్యి ఆడలేదు. నాన్న మొన్న బుధవారం పోయాడు. ఇప్పటిదాకా చెయ్యాల్సినవన్నీ నేనూ నీ మరదలూ చేశాం. ముందు రోజు డాక్టరు పిలవాల్సినవాళ్ళని పిలుచుకోమన్నాడు. నీకు చేద్దామని ఫోను తీస్తే నాన్న నా చేతిలోంచి లాక్కుని దిండు కింద పెట్టేసుకున్నాడు. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఇప్పుడు చెబితే అది వస్తుందిరా, వస్తే చచ్చేవాడి ముందు ఏదో ఒకటి అనాల్సి వస్తుంది, దాన్ని ఆ ఇరకాటంలో పెట్టకు, నేను పోయాక చెప్పు, అని నా దగ్గర మాట తీసుకున్నాడు. దీనికి నన్ను తిట్టుకో, ఆయన్ని తిట్టుకో, నీ ఇష్టం. ఏడుపొస్తే ఏడువు, రాకపోతే రాలేదని బాధపడకు. ఆఖరి రోజు అందరినీ పిలిచాడు. పోయిన అమ్మని పిలిచాడు, పాపని పిలిచాడు, ఎప్పుడో ఆయన దగ్గర కుర్చీలు అల్లినవాణ్ణి కూడా పేరు పెట్టి పిలిచాడు. నీ పేరు మాత్రం ఒక్కసారి కూడా తలవలేదు. తలిస్తే నేను నీకు రాసేస్తానని ఆయనకి తెలుసు.