లండనులో పోయిన మా అన్న

15 అక్టోబరు 1973, సోమవారం. పొద్దున ఏడున్నర

జెస్ కార్వెల్ చచ్చిపోయాడు.

జానీబాషా సైకిలుకి స్టాండు కూడా వెయ్యకుండా మా అరుగుకి కొట్టి పడేసి మరీ చెప్పాడు. వాడి షాపుకి రిపేరుకొచ్చిన పెద్ద రేడియోలో ఇంగ్లీషు వార్తలు వచ్చాయట. లండనులో, హోటల్లో, నిద్రలోనే పోయాడట. ఇరవై తొమ్మిదేళ్లు. జానీబాషాకి ఇంగ్లీషు సరిగ్గా రాదు కదా, పొరపాటు పడ్డాడేమోనని ఆశపడ్డాను. పేరు రెండుసార్లు చెప్పి, తర్వాత వాడి పాటల్లో మనకిష్టమైనది ఓ ముక్క వేశారన్నాడు. బతికున్నవాడి పాట వార్తల్లో ఎందుకు వేస్తారు?

కాఫీ గ్లాసు అరుగు మీదే వదిలేశాను. స్కూలుకి టైమైంది.

అదే రోజు, సాయంత్రం

సెవెంత్ బి లో బోర్డు మీద తేదీ రాసి ఆగిపోయాను. తిన్నగా హెచ్.ఎం. గారి రూముకి వెళ్లాను. ఆయన గుడివాడ నుంచి ట్రాన్స్‌ఫరై వచ్చి నెలే అయింది. లీవు కావాలన్నాను. ఎందుకన్నారు. మనిషి పోయాడన్నాను. నీకేమవుతాడయ్యా అన్నారు.

ఏమవుతాడు? రెండేళ్లుగా రోజూ జానీబాషా షాపులో వాడి గొంతు విన్నాకే ఇంటికొచ్చి పడుకుంటున్నాను. ఉద్యోగం రానప్పుడు, వచ్చినది టెంపరరీ అని తెలిసినప్పుడు, వాడే నాతో ఉన్నాడు. ఏమీ కాడండి అంటే లీవు రాదు. పైగా అది అబద్ధం. నోటికి అన్న అని వచ్చింది. అన్నాను.

మా ఇంట్లో నేనొక్కణ్ణే.

హెచ్.ఎం. గారు కుర్చీలోంచి లేచారు. ఎక్కడుండేవాడు, ఎన్నేళ్లు అని అడిగారు. లండను, ఇరవై తొమ్మిది అన్నాను, ఆ రెండూ నిజాలే. మూడు రోజులు లీవిచ్చి, ప్యూనుకి చెప్పి సైకిలు మీద పంపించారు. మధ్యాహ్నం స్కూలంతటినీ నిలబెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించారట. తిరువూరులో తనకింత గౌరవం జరుగుతుందని జెస్ కలలో కూడా అనుకుని ఉండడు.

తర్వాత శౌరయ్య టైలరింగు షాపులో కూర్చున్నాం. అభిమాన సంఘం మొత్తం ముగ్గురం. ఉన్నది ఒక్కటే ఎల్పీ, జానీబాషా బెజవాడలో సెకండ్‌హ్యాండులో తెచ్చింది. అట్ట మీద జెస్ ఎర్ర చొక్కాలో, గిటారు పట్టుకుని, ఊళ్లో చీపురు అక్కర్లేదన్నంత వెడల్పు బెల్‌బాటంలో నిలబడి ఉంటాడు. ఆ బొమ్మ చూసే శౌరయ్య ఈ ఊరికి బెల్‌బాటం కుట్టడం మొదలుపెట్టాడు. నాకు అన్నం పెట్టినోడురా అని మిషను ఆపేసి కళ్లు తుడుచుకున్నాడు. ప్లీడరుగారి కోటులో మిగిలిన నల్లగుడ్డతో ముగ్గురికీ బ్యాడ్జీలు కుట్టాడు. జానీబాషా రంజాన్ ఉపవాసం, రోజాలో ఉన్నాడు. కన్నీళ్లు నోట్లోకి పోతే రోజా చెడుతుందేమోనని తల వెనక్కి వాల్చి, అవి చెవుల్లోకి పోయేలా ఏడ్చాడు.

16 అక్టోబరు, మంగళవారం

కొంప మునిగింది.

నేను జానీబాషా షాపులో ఉండగా హెచ్.ఎం. గారు, స్టాఫూ బత్తాయిలు పట్టుకుని పరామర్శకి మా ఇంటికి వచ్చారట. హెచ్.ఎం. గారు నాన్న రెండు చేతులూ పట్టుకుని, పెద్దకొడుకు పోవడం కంటే తండ్రికి వేరే నరకం లేదండీ యోసేపుగారూ అన్నారట. నాన్న బిత్తరపోయి, నాకు పెద్దకొడుకెవడండీ, ప్రభుదాసు ఒక్కడే, వాడికి ముందు ఎవరూ లేరు అన్నాడట. దుఃఖంలో అలాగే అనిపిస్తుందండీ అని హెచ్.ఎం. గారు నాన్న వీపు నిమిరారట.

అప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న అమ్మని చూసి, మీ పెద్దబ్బాయి పోయాడని తెలిసిందమ్మా అన్నారట. అమ్మ కాసేపు ఆయన్ని అలా చూసి, కొంగు నోట్లో కుక్కుకుని, గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చిందట. ఆగకుండా ఏడ్చిందట.

మా అమ్మకి నటన రాదు. చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో గొర్రె వేషమిస్తే నవ్వేసి చెడగొట్టిందని అమ్మమ్మ చెప్పేది. మరి ఎందుకేడ్చింది?

పక్కింటి పుల్లమ్మ గోడ మీదుగా ఇదంతా చూసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని నాన్న నా మొహం మీదే అన్నాడు.

17 అక్టోబరు, బుధవారం

నాన్న యుద్ధంలో మిలటరీలో చేరి ఇటలీ వెళ్లాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే నాన్న అప్పట్నుంచీ అదే చెబుతున్నాడు. పుల్లమ్మ వేళ్ల మీద లెక్కేసింది. పోయినోడికి ఇరవై తొమ్మిది. అంటే పుట్టింది నలభై నాలుగులో. నలభై నాలుగులో యోసేపు ఎక్కడున్నాడు? ఇటలీలో. ఇటలీకి లండనేమంత దూరం, మనకి విస్సన్నపేటంత అందట.

మధ్యాహ్నానికి కబురు బస్టాండు చేరింది. టీకొట్టులో నాన్నకి ఓదార్పుగా పంచదార ఎక్కువ వేసిచ్చారట. ఇంకెవరో పెద్దమనిషి పక్కన కూర్చుని, ఆ దొరసాని ఇప్పుడెలా ఉందో ఏమో పాపం అన్నాడట.

నాన్న నన్ను కొట్టడం మానేసి పదేళ్లయింది. ఇవాళ మళ్లీ మొదలుపెట్టాడు.

దెబ్బలు సరే. అమ్మ నాన్నతో మాట్లాడటం లేదు. ఆయన అన్నం కంచం నా చేతికిచ్చి పంపుతోంది. పుల్లమ్మ మాటలు నమ్మిందా? మా అమ్మానాన్నా రోజూ పోట్లాడుకుంటారు, కానీ మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఇల్లు భయంగా ఉంది.

18 అక్టోబరు, గురువారం

అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. ఎల్పీ కూడా తెచ్చి చూపించాను. ఇతనేనమ్మా పోయింది, ఉత్త పాటగాడు, మనకేమీ కాడు, నాన్న తప్పేం లేదు అన్నాను. అమ్మ అట్ట చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఈ పిల్లాడికి తల్లి ఉందా అని అడిగింది. తెలీదన్నాను. రెండేళ్లుగా ఇన్ని పాటలు వింటున్నావు, ఆ మాత్రం తెలుసుకోలేదా అంది.

నిజం తెలిసింది కదా, ఇక మాట్లాడుతుందనుకున్నాను. రాత్రి మళ్లీ కంచం నా చేతికే వచ్చింది.

19 అక్టోబరు

నాన్న మంచం అరుగు మీదికి వచ్చేసింది.

20 అక్టోబరు, శనివారం

సంఘం అత్యవసర సమావేశం. శౌరయ్య ప్లాను: ఊరంతా చూసేలా సంతాపసభ పెట్టాలి. జెస్ ఎవడో ఫొటోతో సహా చూపించాలి, నేను మైకులో చెప్పాలి. ఊరు నోరు మూస్తే మీ అమ్మ నోరు తెరుస్తుంది అన్నాడు. మైకుసెట్టు జానీబాషాదే. ఉపవాసం విప్పాక మొదలుపెడదామన్నాడు.

21 అక్టోబరు, ఆదివారం

పొద్దున పూజలో ఫాదరుగారు దాచిన పాపాల మీద ప్రసంగం చేశారు. ఆయనకేం తెలుసో ఏమో గానీ, జనమంతా తలలు తిప్పి నాన్ననే చూశారు. నాన్న అటెన్షన్‌లో నిలబడ్డాడు.

సాయంత్రం జానీబాషా షాపు ముందు బల్ల, దాని మీద ఎల్పీ అట్ట, దానికి బంతిపూల దండ. అగరొత్తులు శౌరయ్య పెట్టాడు. జనం బాగా వచ్చారు. యోసేపుగారి పెద్దబ్బాయి సంతాపసభ అనే వచ్చారు. హెచ్.ఎం. గారు తెల్లబట్టల్లో వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. అమ్మ కూడా వచ్చింది. ఆడవాళ్ల వైపు మొదటి వరసలో కూర్చుంది.

ముందు పాట వేశాడు జానీబాషా. రెండో వైపు మూడోది, మేం ప్రాణం పెట్టేది. బస్టాండు మొత్తం వినిపించింది. ఎ.కొండూరు బస్సు డ్రైవరు ఇంజను ఆపి విన్నాడు. ఒక ముసలామె ఏడుస్తుంటే అర్థమైందా మామ్మా అని శౌరయ్య అడిగాడు. అర్థమైతే ఏడవటమెందుకురా అందట. ఆ క్షణంలో నాకు జెస్ నిజంగా పోయాడని తెలిసింది. ఇక కొత్త పాట రాదు.

అయినా మైకు పట్టుకున్నాను. అయ్యలారా, అమ్మలారా, ఈయన లండను గాయకుడు, మాకేమీ కాడు అన్నాను. హెచ్.ఎం. గారికి అబద్ధం చెప్పాను, క్షమించాలి అన్నాను. మా నాన్న నిప్పులాంటి మనిషి. ఆయనకి నేనొక్కణ్ణే కొడుకుని, మా ఇంట్లో నాకు ముందు ఇంకెవరూ పుట్టలేదు అని గట్టిగా అరిచి చెప్పాను. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. చప్పట్లు కొట్టారు. సంతాపసభలో కొట్టకూడదని ఎవరో అంటే ఆపేశారు.

హెచ్.ఎం. గారు దగ్గరకొచ్చి, మౌనం పాటించేశాంగదయ్యా, వెనక్కి ఎలా తీసుకుంటాం అని మాత్రం అన్నారు. పుల్లమ్మ అట్ట దగ్గరికెళ్లి వంగి చూసి, ఎవరేమన్నా గడ్డం మాత్రం యోసేపుదే అంది. అందరూ నవ్వారు. ఊరు ఒప్పుకున్నట్టే.

చూస్తే అమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

22 అక్టోబరు, సోమవారం. పొద్దున

స్కూలుకి వెళ్లలేదు. ఇది రాసి తీరాలి.

నిన్న ఇంటికి రాగానే, అయిపోయిందమ్మా, ఇప్పుడైనా మాట్లాడు అన్నాను. మాట్లాడింది. ఆయనేదో అన్నాడు, సరే, ఆయన చూడలేదు. నువ్వు కూడా ఎవరూ పుట్టలేదని మైకులో చెప్పావు కదరా, ఊరంతా వినేలా అంది.

నాకు ముందు జోజప్ప పుట్టాడు. నలభై మూడులో, ఎ.కొండూరులో, అమ్మమ్మ వాళ్లింట్లో. నాన్న అప్పటికే ఓడెక్కాడు. బిడ్డ ఏడు నెలలు బతికాడు. జ్వరం తగిలి రెండు రోజుల్లో పోయాడు. ఊళ్లో కలరా ఉందని ఒక్కళ్లూ గడప తొక్కలేదు. తాతయ్య ఒక్కడే గుడ్డలో చుట్టి తీసుకెళ్లాడు. నాన్న యుద్ధం నుంచి వచ్చాక వాడి పేరెత్తలేదు. ఆయనెత్తలేదని అమ్మా ఎత్తలేదు.

ఇన్నేళ్లకి ఒకాయన బత్తాయిలు పట్టుకుని, నీ పెద్దబ్బాయి పోయాడటమ్మా అంటూ నా ఇంటికొచ్చాడురా అంది అమ్మ. తెలిసి రాలేదు. అయినా వచ్చాడు. ఆ పక్కనే నిలబడి, నాకు పెద్దకొడుకు ఎవడూ లేడని మీ నాన్న అన్నాడు.

నాన్న అరుగు మీంచి విన్నాడు. లోపలికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న అలా తడబడుతూ మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. ఇటలీలో వంతెన కడుతుంటే ఉత్తరం వచ్చిందట. పక్కవాళ్లకి చెప్పలేదట. నువ్వు చూడనైనా లేదు కదా, ఏడుపెందుకంటారని భయపడ్డాడట. ఉత్తరం జేబులో పెట్టుకుని చెక్కలు మోశాడట. అప్పట్నుంచి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదన్నాడు.

తర్వాత నావైపు తిరిగి, నువ్వు మొహం చూడని మనిషి కోసం మూడు రోజులు లీవు పెట్టావు, నాకా ధైర్యం లేకపోయింది అన్నాడు.

నాకు అన్న ఉన్నాడు. ఇరవై మూడేళ్లు వచ్చాక తెలిసింది.

23 అక్టోబరు

మళ్లీ లీవు అడిగాను. హెచ్.ఎం. గారు కళ్లద్దాలు తీసి, ఈసారెవరయ్యా అన్నారు. అన్నే సార్ అన్నాను.

28 అక్టోబరు, ఆదివారం

రంజాన్. జానీబాషా ఇంటి నుంచి సేమ్యా పాయసం వచ్చింది. అమ్మ గిన్నెలో పోసి తానే తీసుకెళ్లి నాన్న ముందు పెట్టింది. తీపి చాలిందా అని అడిగింది.

2 నవంబరు, శుక్రవారం. సమాధుల పండుగ

ఎ.కొండూరు. శిలువ లేదు, గుర్తు లేదు, ఉత్త గడ్డి. అమ్మ దారి వెతుక్కోకుండా కంచె పక్కకి నడిచి వెళ్లి ఆగింది. నాన్న కొవ్వొత్తి వెలిగించాడు. గాలికి ఆరింది, చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ వెలిగించాడు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద నిలబడ్డాం. వాడెలా ఉండేవాడు అంతోనమ్మా అని నాన్న అడిగాడు. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. తిరువూరు బస్సు వచ్చింది. నేను చెయ్యెత్తలేదు. ఇంకోటి వచ్చింది. దానికీ ఎత్తలేదు.