జీతంలేని కొలువుకి చప్పట్లు

హాల్వర్‌సన్ ఫాల్స్, మిన్నెసోటా
జనవరి, ఆదివారం

ఒరే డేరిల్,

నీ ఉత్తరం అందింది. నువ్వు బాగున్నావు, మీ దొర, మన కాంగ్రెస్ సభ్యుడు వేన్‌రైట్ బాగున్నాడు, ఆయన బిల్లు కూడా బ్రహ్మాండంగా ఉందట. సంతోషం. బడ్జెట్ కుదరక ప్రభుత్వం మూతపడే షట్‌డౌన్‌లో పనికి రమ్మన్న విమానాశ్రయ భద్రతా సిబ్బందికి జీతం ఆపకూడదని చట్టం తెస్తాడట. అందుకని శుక్రవారం మన టౌన్ హాల్లో, విలేకర్ల ముందు, నేను ఆయన పక్కన నిలబడి నువ్వు రాసిన కాగితం చదవాలి. వీలైతే కళ్ళు తుడుచుకోవాలి. యూనిఫాం వేసుకురాకూడదు, ఏడుపు మాత్రం వెంట తెచ్చుకోవాలి. నేను రాకపోతే ఆయన ఆఫీసులో నీ కుర్చీ ఊడుతుందని చివర్లో చిన్నగా రాశావు. ఆ మాటేదో ముందే రాసి ఉంటే కాస్త మర్యాదగా ఉండేది.

నేను రాను. ఎందుకో కూడా విను.

ప్రభుత్వం తలుపులు మూసుకున్నాక కూడా మేం రోజూ వెళ్తూనే ఉన్నాం. సంచులు చూస్తున్నాం, బెల్టులు విప్పిస్తున్నాం, తిట్లు తింటున్నాం. జీతం తప్ప అన్నీ మామూలే. సమ్మె చేస్తే చట్టం ఒప్పుకోదు, ఇంట్లో కూర్చుంటే ఉద్యోగం ఉండదు. మొన్న గురువారం పొద్దున ఒక ముసలామె మనవరాలి పెళ్ళికి వెళ్తూ సంచిలో అడవి చెర్రీ జామ్ సీసా పెట్టుకొచ్చింది.

"ఇంత పెద్ద సీసా లోపలికి పోనివ్వరమ్మా," అన్నాను.

"అయితే నువ్వే పట్టుకెళ్ళు తల్లీ. మీకు జీతాలియ్యట్లేదంట గదా, టీవీలో చూశా. రొట్టెకి రాసుకో."

"మేం తీసుకోకూడదండీ. చెత్తడబ్బాలో వేసెయ్యాలి."

"తినేదాన్నా? మీ పెద్దోళ్ళకి బుర్రా బుద్ధీ ఉందా?"

ఆమె చూస్తుండగానే వేశాను. సిగ్గేసింది. నా పక్కన ఎక్స్‌రే దగ్గర కూర్చునే వాంగ్ కూడా చూశాడు. ఇంట్లో వాడికి పచ్చి బాలింత పెళ్ళాం, చంటిపిల్ల. కాసేపాగి వాడు ఆ సీసా తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. కెమెరా అంతా చూసింది. భోజనాల వేళకి మేనేజరు లాట్నర్ మా అందరి ముందూ వాణ్ణి నిలబెట్టాడు.

"అది ప్రభుత్వ సొమ్మని తెలీదా?"

"చెత్త సార్ అది."

"చెత్త కూడా ప్రభుత్వానిదే."

"మరి నేనెవరివాణ్ణి సార్?" అన్నాడు వాంగ్. బ్యాడ్జీ తీయించి పంపేశారు.

ఆ తర్వాత గంటలోపే మీ దొర దిగాడు. పిజ్జా డబ్బాలు, ఫోటోవాళ్ళు, హడావుడి. పిజ్జాలకి పైనుంచి అనుమతి వచ్చిందట, జామ్‌కే రాలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "మీ త్యాగానికి దేశం రుణపడి ఉందమ్మా," అన్నాడు. షట్‌డౌన్ వచ్చినా ఆయన జీతం ఆగదు కదా, త్యాగం గురించి ఎంతైనా మాట్లాడతాడు. వెనకాల డబ్బాలు మోస్తూ నువ్వున్నావు. అక్కా అని పిలవలేదు. నన్ను చూసి కళ్ళు దించుకున్నావు. వాంగ్‌ని పంపేసినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ అసహ్యమేసింది, ఈ మాట రాయడానికి బాధగానే ఉంది.

పోయిన షట్‌డౌన్‌లోనూ ఆయన ఇదే బిల్లు పట్టుకుని తిరిగాడు. తలుపులు తెరవగానే బిల్లు కమిటీలో పడకేసింది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. ఆయన ఏరు దాటడానికి మళ్ళీ నా వీపు కావాలా?

వేరే ఎవర్నైనా వెతుక్కోండి.

కోపంతోనే అయినా నీ అక్క,
మార్లిస్


హాల్వర్‌సన్ ఫాల్స్
ఫిబ్రవరి

డేరిల్ నాన్నా,

ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. చింపెయ్యకుండా చదువు.

రానని రాసి కూడా శుక్రవారం నేను వచ్చాను. నా మొండితనం వల్ల నీ కూడు పోకూడదనే వచ్చాను. నీ కాగితం ఉన్నదున్నట్టు చదివేసి ఇంటికి పోదామనుకున్నాను, ఒట్టు. మొదటి నాలుగు ముక్కలూ చదివాను కూడా. తర్వాత "జీతం రాకపోయినా దేశం మీది ప్రేమతో సంతోషంగా పనికి వస్తున్నాం" అని ఉంది. అక్కడ నా నాలుక తిరగలేదు.

"ప్రేమా లేదు, దోమా లేదు," అన్నాను. "రాకపోతే పీకేస్తారని వస్తున్నాం. ఇంట్లో తిండిలేక చెత్తలోంచి సీసా తీసుకున్నవాణ్ణి దొంగన్నారు. కూలి ఎగ్గొట్టి పని చేయించుకునేవాళ్ళని ఏమంటారో ఈ పెద్దాయన్నే అడగండి. ఈ నెల తన జీతం అందిందో లేదో కూడా అడగండి."

నా భుజం మీదున్న ఆయన చెయ్యి కాలిన పెనం తగిలినట్టు లేచిపోయింది. వెనక వరసలోంచి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. తలెత్తి చూస్తే నువ్వు. ఆ ముక్క రాసిందీ నువ్వే, చదవనందుకు చప్పట్లు కొట్టిందీ నువ్వే. వెర్రివెధవా, అందరి ముందూ నిలబడి మరీ కొట్టావు.

షట్‌డౌన్ అయిపోయింది. ఆగిన జీతం వచ్చింది. వాంగ్‌ని ఇంకా తీసుకోలేదు, యూనియన్‌వాళ్ళు తిరుగుతున్నారు. బిల్లు షరా మామూలే, కమిటీలో గుర్రుపెట్టి నిద్రపోతోంది. నా మాటల వల్ల అది ఒక్క అంగుళం కదలలేదు. నీ ఉద్యోగం మాత్రం పోయింది. మీ ఆఫీసులో ఫోన్లెత్తే అమ్మాయి నిన్న నాకు చెప్పింది. నన్ను తీసుకొచ్చినందుకు క్షమించేవాళ్ళేనట. చప్పట్లు కొట్టినందుకు తీసేశారట.

నీకు చెడు చేశాను. అయినా ఆ మాటలన్నందుకు క్షమించమని అడగను, అడిగితే నీ చప్పట్లకి విలువుండదు. ఆ వాషింగ్టన్‌లో అద్దె కడుతూ బింకంగా కూర్చోకు. పెట్టె సర్దుకుని ఇంటికొచ్చెయ్. పైగది ఖాళీగానే ఉంది. నాకు జీతం వస్తోంది, ప్రస్తుతానికి. వాళ్ళెలాగూ మళ్ళీ తలుపులు మూస్తారు. ఆ లోపల నీకేదో ఒక పని దొరక్కపోదు. అప్పుడు నువ్వు నాకు అన్నం పెడుదువుగాని.

నీ కోసం చూస్తూ,
అక్క