మెట్ల మీద మల్బరీ పళ్ళు

వదినగారూ,

ఫోనులో చెబితే ఆసుపత్రి మంచం మీదున్న అత్తయ్య చెవిన పడుతుందని, పక్కింటి పిన్నిగారి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

అత్తయ్య కళ్ళు తిరిగి పడలేదు. పెరటి మెట్ల మీద రాలిన మల్బరీ పళ్ళు తొక్కి జారిపడ్డారు. ఆ పొద్దున ఊడవాల్సింది నేనే. పిట్టలు తింటాయిలే అని నా బద్ధకానికి వంక పెట్టుకున్నాను. లేపబోతే, కాలు విరిగిన నొప్పిలో కూడా నా చెయ్యి పట్టుకుని, "కళ్ళు తిరిగాయని చెప్పు. వాడికి తెలిస్తే చెట్టు కొట్టించేస్తాడు. పిట్టలు రావిక" అన్నారు. నేనూ అందరికీ అలాగే చెప్పాను. చెట్టు కోసమే అనుకున్నాను గానీ, మాట నా మీదికి రాదని కూడా.

తలకి స్కానింగ్ అంటున్నారనీ, కళ్ళు తిరగకుండా ఇచ్చిన మాత్రలతో మగతగా పడుంటున్నారనీ మీరు చెప్పినప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు. డాక్టరుగారికి ఈ రోజే నిజం చెప్పేయండి వదినా. నన్నేమన్నా పడతాను.

మీ తమ్ముడికి పొద్దున నేనే చెప్పాను. వినగానే కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. చెట్టు పోయినట్టే అనుకున్నాను. మెట్ల మీదికి వంగిన కొమ్మ ఒక్కటే కొట్టి వచ్చారు.

ఈ డబ్బాలోవి దాని పళ్ళే. చెట్టు ఉందని ముందు చెప్పి, ఆ తర్వాత పెట్టండి. లేకపోతే అత్తయ్య ముట్టుకోరు.

మీ మరదలు