సంకటి బానలు గేటు దాటాయి

ఉమ్ దబీబ్, దార్ఫుర్
నవంబరు 23, ఆదివారం

ఒకే బిడ్డకి నాతోపాటు పాలిచ్చిన మస్తూరా అక్కకు,

నీ చెల్లెలు కల్తూమా సలాములు. మోకాళ్ళు తప్ప నేను క్షేమం. న్యాలాలో నువ్వూ, నీ కూతురూ, మనవలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

ముందు శుభవార్త, తిట్లు తర్వాత. జొన్న ఇంటికొచ్చింది. వాగు అంచున నాలుగు మళ్ళు ఒంటెలు మేసేశాయి, వాటి కోసం ఏడవను. మిగతాదంతా కోశాం, కొట్టాం, బస్తాలకెత్తాం. వచ్చే వానల దాకా ఈ ఊళ్ళో ఏ పిల్లా ఆకలితో పడుకోదు.

ఇక తిట్లు. నీ కొడుకు బుషారా ఊరి చివర గేటు దగ్గర లెఫ్టినెంటుగా కూర్చున్నాడు కదా. ఆ సర్కారు యూనిఫాం వేసుకున్నందుకు వాడి మొహం చూడనని నువ్వు ఒట్టు పెట్టుకున్నావు. నాకు రోజూ చూడక తప్పదు. మా పొలాలూ, మమ్మల్ని కాపాడ్డానికి బయటి దేశాల నుంచి వచ్చిన శాంతి సైన్యం శిబిరమూ గేటుకి అవతల. శిబిరానికి డీజిలు వెళ్ళకూడదు, తిండి వెళ్ళకూడదు అని రాజధాని నుంచి హుకుం వచ్చిందట. వాళ్ళ లారీలు గేటు ముందు వరసగా ఆగిపోయాయి, వాటి నీడలో మేకలు పడుకుంటున్నాయి. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. సంతలో అందరూ అనే మాటే నేనూ అంటున్నాను.

శాంతి సైన్యం బండి తోడు లేకుండా పొలానికి ఎలా వెళ్తాం? పోయినేడు అలా వెళ్ళిన నా కోడలి అక్క తిరిగి రాలేదు. కంకులు బరువుకి వంగిపోయాయి, తుపాకుల వాళ్ళు ఒంటెల్ని రోజుకింత ముందుకు తోలుతున్నారు. శిబిరం పెద్ద కెప్టెన్ నియాంగ్, సెనెగల్ మనిషి. ఆయన దగ్గరికి నడిచి వెళ్ళి అడిగాను. పాపం, తల ఎత్తలేకపోయాడు. అమ్మా, నా వాళ్ళు బిస్కెట్లు నమిలి బతుకుతున్నారు, బండిలో చుక్క డీజిలు లేదు, ఎవరికైనా తూటా తగిలితే ఎలా తీసుకురాను అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఊరంతా చెయ్యి వేసే నఫీర్ పిలిచాను. నా చేను కోతకి ఊళ్ళో ప్రతి గడపా తొక్కి పిలిచాను, ఆ కెప్టెన్నీ సైనికుల్నీ కూడా పిలిచాను. నఫీర్‌కి పిలిస్తే రాననడం మన దగ్గర ఉందా? కోతకొచ్చిన వాళ్ళకి కడుపునిండా పెట్టడం నా బాధ్యత. ఆ అన్నాన్ని దారిలో ఆపినవాడి వంశానికే మచ్చ. శిబిరానికి తిండి వెళ్ళకూడదన్నారు గానీ నా కోతగాళ్ళకి వెళ్ళకూడదని ఎవరూ అనలేదు.

తెల్లవారుతూనే గాడిదల మీద సంకటి బానలూ కవల్ పులుసూ ఎక్కించుకుని గేటు దగ్గరికి వెళ్ళాం. నీ కొడుకు అడ్డం నిలబడ్డాడు. పిన్నీ, పైనుంచి ఆర్డరు, ఉల్లిపాయ కూడా దాటనివ్వద్దన్నారు, నా ఉద్యోగం ఊడుద్ది అన్నాడు. నీకు పళ్ళు రాకముందు ఎవరి పాలు తాగావో ఆ ఆర్డర్లో రాశారా అన్నాను. వెనక నుంచి మన పాటల అష్తా గొంతు సవరించుకుంది. ఆమె పాట కడితే ఏ మగాడూ సంతలో తలెత్తుకు తిరగలేడని నీకు తెలుసు. బుషారా, నీ మీద పల్లవి కుదిరింది నాయనా, ఎత్తుకోమంటావా అంది.

గేటు జవాన్లంతా రాజధాని వైపు నదీతీరం వాళ్ళు. పులియబెట్టిన కవల్ ఆకు వాసన వాళ్ళకేం పడుతుంది, ముక్కులు మూసుకుని అంత దూరం జరిగారు. నీ కొడుకే మూతలెత్తి చూశాడు. పోండి పోండి, కంపు చంపేస్తోంది అని గేటు ఎత్తించాడు. అష్తా పాటకి హడలిపోయాడు, పిరికి వెధవ.

మర్నాడు కెప్టెన్ బండి కదిలింది. ట్యాంకు అడుగున ఎక్కడో కాస్త మిగిలి ఉందట, దేవుడి దయ. బండి ముందు, కొడవళ్ళతో మేం వెనక. ఒంటెల వాళ్ళు దూరాన నిలబడి చూసి చూసి మందల్ని మళ్ళించుకుపోయారు. అక్కా, నా జన్మలో అంత గట్టిగా పాడలేదు. సెనెగల్ వాళ్ళకి సంకటి తెగ నచ్చింది, అడిగి మరీ పెట్టించుకున్నారు. కెప్టెన్ కొడవలి పట్టిన తీరు చూసి అష్తా, నీకు పని రాదనే మీ ఆవిడ ఇంత దూరం తోలేసిందా అంది. ఎవరో అర్థం చెబితే ఆయనా నవ్వాడు. కోత అయ్యేదాకా పొద్దున బానలు వెళ్ళాయి, సాయంత్రం జొన్న వచ్చింది. గెలిచాం అక్కా. ఒక్క మనిషి కూడా తగ్గకుండా ఇంటికొచ్చాం.

నా కూతురి చేత ఎండు బెండకాయ పొడి పంపుతున్నాను. సంచి నువ్వే విప్పు, ఇంకెవరికీ ఇవ్వకు.

నీ కొడుక్కి పాలిచ్చి ఇప్పుడు తిట్టే హక్కు సంపాదించుకున్న
నీ చెల్లెలు
కల్తూమా

తా.క. ఈ చీటీ వేరే రాసి పొడి సంచిలో పెట్టి కుట్టాను. పై ఉత్తరం దారిలో ఎవరు విప్పినా నాలుగు తిట్లు తప్ప దొరికేదేం లేదు. ఇది మాత్రం చదివి పొయ్యిలో పెట్టు. ట్యాంకు అడుగున ఏమీ మిగల్లేదు. బానల్లో పైపైన సంకటి, కింద సంతలో కొన్న డీజిలు డబ్బాలు. ఆ వాసన పైకి రాకూడదనే అంత కవల్ వండాను. నదీతీరం వాళ్ళు మోసపోయారు. కవల్ తిని పెరిగినవాడు మోసపోతాడా? మొదటి మూత ఎత్తగానే నీ కొడుకు చెయ్యి ఆగిపోయింది. దొరికితే నాకు జైలు, వాడికేమవుతుందో తలుచుకోలేను. వాడు మూత పెట్టి గుడ్డ బిగించి కట్టాడు. జవాన్లెవరినీ దగ్గరికి రానివ్వకుండా మిగతావి కూడా వాడే చూశాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, పిన్నీ, రేపు కవల్ ఇంకాస్త ఎక్కువెయ్, ఇది చాల్లేదు అన్నాడు.

శుక్రవారం సెలవు మీద న్యాలా వస్తున్నాడు. నువ్వు తలుపు తియ్యవని తెలుసు, అయినా వస్తున్నాడు. తియ్యి, అక్కా.