నెత్తురువేరు పూసిన రోజు

మార్చి 11
డాక్టర్ నన్ను వరండాలోకి పిలిచి, మీ ఆవిడకి వచ్చే వసంతం సంగతి ఆలోచించకండి అన్నాడు. ఏదైనా జోకు వేద్దామని నోరు తెరిచాను. ఏమీ తట్టలేదు. మా బైండింగ్ షాపులో చెబితే ఎవడూ నమ్మడు.

మార్చి 14
పెరటి చివర చెట్ల కింద నెత్తురువేరు మొక్క లేచింది. ఒకే ఆకు, చలికి శాలువా కప్పుకున్న ముసలమ్మలా మొగ్గని చుట్టుకుని. వేరు విరిస్తే ఎర్రటి రసం కారుతుంది. ఆవిడ దానితోనే నూలుకి నారింజ రంగు అద్దేది. వట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం మండుతుందని నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. పులిపిరికి పూసుకుంటానన్న నా మరదలిని, అంటే తన సొంత చెల్లెలిని, ఆ పూట దుమ్ము దులిపేసింది.

పువ్వు ఒకటి రెండు రోజులే. చెట్లు చిగిర్చి నీడ పడకముందే పూసి, రాలి, తన పని చూసుకుంటుంది. మేడ మీద మంచం పట్టిన ఆవిడ, పూసినప్పుడు నన్ను కిటికీ దాకా ఎత్తుకెళ్ళండి అని అడిగింది. నన్ను ఏదైనా అడగడం ఆవిడకి అలవాటు లేదు.

మార్చి 19
ఏటా నేను చేసే వెధవపని ఒకటుంది. మొక్క పూయకముందే, షాపులో మిగిలిన తెల్ల ఆర్ట్ పేపర్‌తో పువ్వు కత్తిరించి, పుల్లకి గుచ్చి, ఆకు మధ్యలో పెట్టి, పూసిందే అని కేకేస్తాను. ఆవిడ రంగు చేతులతో పరిగెత్తుకొచ్చి, చూసి, చీపురు అందుకుంటుంది. ఒకసారి మరదలికి ఐస్‌క్రీమ్ లంచమిచ్చి సాక్ష్యం చెప్పించాను. పోయినేడు ఫోన్‌లో ఫొటో కూడా చూపించాను.

ఈసారి కత్తెర ముట్టుకోలేదు.

మార్చి 22, ఉదయం
పూసింది.

మార్చి 22, మధ్యాహ్నం
నమ్మలేదు. ఈ ఏడాది కూడానా, సిగ్గులేదూ మీకు అంది. ఒట్టేశాను. మీ ఒట్లు తూకానికి అమ్మితే మేడ మీద మేడ కట్టేవాళ్ళం అంది. పక్కనే ఉండి చూసుకుంటున్న మరదలు కూడా చెప్పింది. ఈసారి ఏ ఐస్‌క్రీమే అని దాన్ని అడిగింది. ఫొటో చూపిస్తే, పోయినేడుదే నయం అంది. మంచం మీంచి కాస్త కదిపినా ప్రాణం లాగేసే నొప్పి. కాగితం కోసం అంత ఓపిక లేదు, నిజంగా పూసినప్పుడు చెప్పండి అని గోడవైపు తిరిగింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నా నిజమే అతకలేదు.

మార్చి 23
పొద్దున్నుంచీ గాలి. రాలిపోకముందే చూపిద్దామని కోసి మేడెక్కాను. ఆ పువ్వు చెయ్యి తగిలితే నిలవదు. మెట్ల మీదే రేకులన్నీ రాలాయి. మంచం దగ్గరికి చేరేసరికి కాడ మిగిలింది, నా వేళ్ళకి ఎరుపు మిగిలింది.

ఆవిడ నవ్వింది. ఎన్నాళ్ళకో. బైండింగ్ పని చేస్తూ జిగురు పెట్టడం కూడా రాదా, ఇంకు మాత్రం బాగా కలిపారు అంది. దొరికిపోయానే అన్నాను. నా వేళ్ళకేసి కాసేపు చూసింది. వెళ్ళి చేతులు కడుక్కోండి, మండుతాయి అంది.

మెట్లు దిగాక తట్టింది. ఇంకు మండదు.



ఏప్రిల్ 9
ఆవిడ లేదు. ఆకు అరచెయ్యంత అయింది. ఇవాళ కాగితం కత్తిరించి పక్కన గుచ్చి, కిటికీ కింద నిలబడి, పూసిందే అని కేకేశాను.

చీపురు మూలనే ఉంది.