గోల్ లేని ఆషాఢం

1979 జులై 3, మంగళవారం

మళ్ళీ సున్నా–సున్నా. అదీ డోన్ జట్టు మీద! మా లోకో షెడ్డు జట్టులో ఆడింది గోల్‌కీపర్ మస్తాన్ ఒక్కడే. ముందు వరుసలో ఉన్న కుర్రాళ్ళు బంతి కాలికి తగలగానే పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు తల దించుకుంటారు. సెంటర్ హాఫ్‌లో నిలబడి నేను అందించిన ప్రతి బంతీ తిరిగి నా కాళ్ళ దగ్గరికే వస్తుంది. నలభై దాటినవాణ్ణి నేను పరుగెత్తాలి, వాళ్ళు చూడాలి. బాగుంది వరస!

నా పాస్‌లో తప్పు లేదు. గుంతకల్లులో ఈరోజుకీ అట్లా బంతి అందించేవాడు ఇంకొకడు లేడు. ఇది గొప్ప కాదు, ఉన్న మాట.

జులై 5

మోకాలు వాచింది. మా ఆవిడ సరోజ ఆముదం వేడిచేసి రాసింది. రాస్తూనే తగులుకుంది — "ఇంజన్ ఎక్కేదానికి ఉండల్ల ఆ మోకాలు, బంతిని తన్నేదానికి గాదు... ఇంకా పిల్లోని మాదిరి ఏమా ఆట?"

నొప్పి మాత్రం నిజమే. ఆదివారానికి తగ్గుతుంది, తగ్గక ఎక్కడికి పోతుంది.

జులై 7

ఒకటే గాలి. మైదానంలో గడ్డి పరక లేదు. దుమ్ము లేచి కళ్ళల్లో, నోట్లో. టీ అంగట్లో ఎవరు కనబడినా అడిగేవి రెండే — వాన ఎప్పుడు, గోల్ ఎప్పుడు.

జులై 8, ఆదివారం

ప్రాక్టీసు. నేను కొంచెం ఆలస్యంగా పోయాను. నేను రాకముందు ఓబులేసు గోల్ మీద గోల్ కొట్టాడట, మస్తాన్ చేతులు మండుతున్నాయని చూపించాడు. నేను దిగాక ఒక్కటంటే ఒక్కటి లేదు! నేను నడిపే ఇంజన్ మీద ఫైర్‌మన్ వాడే. పార తిరగేస్తే బొగ్గు ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. అంత బలం ఉండి మైదానంలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఎందుకూ పనికిరాడు. నన్ను చూస్తే బద్ధకం వస్తుందేమో వెధవకి. గట్టిగా తిట్టాను. "సరేన్నా" అన్నాడు. ఏం తిట్టినా అదే మాట.

జులై 10

ఫోర్‌మన్ పిలిచాడు. జట్టును చూసుకునేది ఆయనే. రైల్వే పోటీల్లో డ్రాల పాయింట్లతోనే గట్టెక్కాం, వచ్చే ఆదివారం హుబ్లీ జట్టుతో సెమీఫైనల్. "పెద్దోనివి, నువ్వే చెప్పప్పా, ఏం జేద్దాం?"

"ముందు వరసను మార్చండి సార్."

"వాళ్ళను గాదు, నిన్ను మార్చమంటాండారు అందరూ. ఈసారి గోల్ పడకపోతే నేనేం జేయలేను."

అందరూ అంటే ఎవరు? చెప్పలేదు. పదిహేనేళ్ళుగా నా పేరు లేకుండా ఈ జట్టు మైదానంలో దిగలేదు. బయటికొచ్చి సైకిల్‌ను తన్నాను. అదీ గోల్‌లో పడలేదు.

జులై 11

కోపంతోనే డ్యూటీ చేశాను. బండి టైముకు చేరింది.

జులై 12

రాయాలి, మరిచిపోకముందే.

గుత్తి దాటాక ఎత్తులో గూడ్సు లాగుతున్నాం. నీళ్ళు ఎక్కించే ఇంజెక్టర్ మొరాయిస్తే నేను అవతలి పక్కకు పోయి దానితో కుస్తీ పడుతున్నాను. ఉన్నట్టుండి చక్రాలు పట్టు తప్పాయి. గిర్రున తిరుగుతున్నాయి, బండి కదలదు, ఇంజన్ అంతా వణుకుతోంది. అప్పుడు చేయాల్సిన పని ఒకటే — ఆవిరిని ఆపే రెగ్యులేటర్ మూయడం. దాని పిడి ఓబులేసు చేతికి అందేంత దూరంలో ఉంది. వాడు దాన్ని చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. మళ్ళీ దాన్ని. ముట్టుకోలేదు! నేనే దూకి మూశాను.

"మూసుంటే అయిపోయేది కదరా!"

"నువ్వు చెప్పలే గదన్నా..."

తిట్టబోయి ఆగిపోయాను. డ్రైవరు ఉండగా ఫైర్‌మన్ రెగ్యులేటర్ ముట్టుకోడు. వాడికి ఆ పద్ధతి నేర్పింది నేనే, నాకు మా డ్రైవరు నేర్పినట్టు. వాడు నా మొహం చూసిన చూపు మాత్రం ఎక్కడో చూసినట్టుంది. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే తట్టింది — గోల్ ముందు. ప్రతిసారీ, గోల్ ముందు.

జులై 13

మస్తాన్‌తో చెప్పాను. పడీపడీ నవ్వాడు.

"ఇప్పుడు తెలిసెనా? ముందర ఆడే పిల్లోళ్ళంతా నీ చేతికింద పనిజేసినోళ్ళే. బంతి దొరికితే గోల్ యాడుందో చూడరప్పా, నువ్వు యాడుండావో చూస్తారు."

"ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్తే వింటావా నువ్వు?"

విననులే.

జులై 14

ఓబులేసును పక్కకు తీసుకెళ్ళి నెమ్మదిగా చెప్పాను — నాకు ఇవ్వద్దు, నువ్వే కొట్టు. "సరేన్నా." దిగి మొదటి బంతి... తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. నాలుక కరుచుకున్నాడు పాపం. వాడి కాళ్ళు వాడి మాట వినడంలేదు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. రేపే సెమీఫైనల్.

జులై 15, ఆదివారం

గెలిచాం!!

చివరి నిమిషాలు. అప్పటికీ సున్నా–సున్నా. హుబ్లీ వాళ్ళను ఇద్దరిని దాటించి బంతి ఓబులేసుకు అందించాను. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. వాడి తల నా వైపు తిరగబోతోంది. ఇంకేం తోచలేదు. చటుక్కున వెనక్కి తిరిగి మా గోల్ వైపు నడవడం మొదలుపెట్టాను. ఇక ఇస్తే నా వీపుకే ఇవ్వాలి.

జనం అరిచారు — "యాడికి పోతాండావప్పా!" ఎవడో చెప్పు విసిరాడు. దూరంగా మస్తాన్ మొహం కనబడుతోంది. ముందు ఆ నోరు తెరుచుకుంది. తర్వాత చేతులు పైకి లేచాయి. వెనక నుంచి కేక.

గోల్ నేను చూడలేదు. మస్తాన్ మొహంలో చూశాను.

జులై 16

మోకాలు కదలడంలేదు. అయితే ఏం! టీ అంగట్లో దుడ్లు తీసుకోలేదు. ఫోర్‌మన్ అందరి ముందూ భుజం తట్టాడు — "ఫైనల్లో గూడా నువ్వే." ఎవరైతే నన్ను మార్చమన్నారో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వుతూ తీసుకున్నాను, వదులుతానా.

మస్తాన్ మాత్రం వదల్లేదు. "నువ్వు వీపు చూపిస్తే ఒక గోల్. నువ్వు ఇంట్లోనే ఉంటే ఎన్ని కొడతాడో!"

ఎగతాళికే అన్నాడు. గుచ్చుకుంది.

జులై 19

ఫైనల్ ఆదివారం, మన మైదానంలోనే. గాలి తగ్గలేదు. మధ్యాహ్నం నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి.

నేను లేకపోతే వాళ్ళకు బంతి అందించేదెవరు? వీపు చూపించడం ఒకసారి చెల్లుతుంది, రెండోసారి అవతలివాళ్ళూ కనిపెడతారు. అయినా నేను ఆడగలను. ఇంకో ఏడాది, రెండేళ్ళు... ఆడగలను.

జులై 21, శనివారం

సాయంత్రం ఓబులేసు ఇంటికొచ్చాడు. సరోజ కాఫీ ఇస్తే లోటా పట్టుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోడు. చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. తర్వాత —

"అన్నా, రేపు గూడా వెనక్కి తిరుగుతావా?"

"తిరక్కపోతే నువ్వు కొడతావట్రా?"

తల గోక్కున్నాడు. "తెలీదన్నా. కాల్లోకి అదే వస్తాది." లోటా కింద పెట్టాడు. "కానీ... నువ్వు చూస్తాండగా ఒక గోల్ కొట్టాలని ఉండాదన్నా."

కాఫీ చల్లారుతుంది తాగరా అన్నాను.

వాడు పోయి గంటయింది. మైదానంలో ఉండి వాడి వైపు చూస్తే బంతి నాకే వస్తుంది. తిరిగితే గోల్ చూడలేను. చూడాలంటే గీత బయట జనంలో కూర్చోవాలి.

చూడాలని ఉంది. ఆడాలని ఉంది.

పొద్దున్నే వస్తాడు మస్తాన్, ఇద్దరం కలిసి పోదామని. సరోజ అడిగింది, రేపు అంగీ వేసుకుంటారా ఆట బనీను వేసుకుంటారా అని. రెండూ తీసి పెట్టమన్నాను...